మొగ్గ లోపలి బూజు

రజిని ఊపిరితిత్తుల్లో పెరుగుతున్నది బూజు అని డాక్టరు చెప్పి అప్పటికి పద్దెనిమిది గంటలైంది. లింఫోమా అనే క్యాన్సరుకు కీమో చేయించుకుంటున్న పిల్ల. ఒంట్లో తెల్లకణాలు దాదాపు అడుగంటాయి. మామూలు మనిషి రోజూ పీల్చి వదిలేసే బూజే ఆమె ఛాతీలో వేళ్లూనుకుంది. "ఇంట్లో ఎక్కడైనా చెమ్మ ఉందా? గోడలు తడిశాయా?" అని డాక్టరు అడిగితే, కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరైన ఆమె భర్త కిరణ్‌కుమార్ లేదని తల అడ్డంగా ఊపాడు. ఆమె తండ్రి అంజయ్య మాత్రం, ఆస్పత్రి ఐసీయూలో ఉన్న కూతురిని చూసి ఇంటికి రాగానే, ఆమె మంచం పక్కనున్న సొరుగు లాగాడు. వాంతులు ఆగటానికి, నాలుగు మెతుకులు లోపలికి పోవటానికి ఆమె పీల్చే గంజాయి సీసా అందులో ఉంది. అరిజోనాలో క్యాన్సరు రోగికి కార్డు ఉంటే అది మందు కిందే లెక్క. మూత తీసి ఒక్కసారి వాసన చూసి ఆయన మంచం మీద కూలబడ్డాడు. పోయిన వారం ఆయన్ని మనం అక్కడే వదిలాం.

అంజయ్య లేచాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లు కందుకూరు వేలం కేంద్రంలో పొగాకుకు నాణ్యత కట్టే గ్రేడరుగా చేసిన మనిషి ఆయన. పొగాకు మూట, అంటే బేలు, విప్పకముందే, పక్కన నడుస్తూనే, లోపల ఎన్నో పొరలో ఆకు చెడిందో చెప్పేవాడు. చెడిన బేలుకు మంచి గ్రేడు వేయనన్నందుకు ఒకసారి ఓ వ్యాపారి మనుషులు ఆయన ఎడమచేతి చిటికెనవేలు విరిచారు. ఆ వేలు ఇప్పటికీ వంకరగానే ఉంది. ఆ గ్రేడు మాత్రం మారలేదు. అంత ముక్కున్న వాడు, నెలరోజులుగా కూతురి పక్కగదిలోనే పడుకుంటూ, ఆ సీసా మూత ఒక్కనాడూ తీయలేదు. కూతురు పీల్చేది చూడటానికి తండ్రికి సిగ్గేసింది. అంతే.

సీసా మీద దుకాణం చీటీ లేదు. మూతమీద కాగితపు టేపు అంటించి, దాని మీద పెన్నుతో ఏదో తారీఖు రాసి ఉంది. "దుకాణంలో సరుకు లేనప్పుడు జగదీష్ ఇస్తాడు నాన్నా, గ్యారేజీలో పెంచుతాడు" అని రజిని ఒకసారి అన్నమాట గుర్తొచ్చింది. జగదీష్ ఇల్లు మూడు వీధుల అవతల. అంజయ్య సీసాను ఇండియన్ స్టోరు సంచిలో వేసుకుని బయటపడ్డాడు.

మధ్యాహ్నం మూడు. ఆగస్టు నెల. అంతకు ముందురోజు సాయంత్రం దుమ్ముతుపాను లేచి, వెనకాలే వాన కురిసి వెళ్లింది. అరిజోనాలోని చాండ్లర్ ఊరి ఎండకు ఆ తడి తోడై గాలి ఉడికిపోతోంది. వీధిలో ఒక్క మనిషి లేడు. చెప్పుల అడుగు తారుకు అంటుకుని లేస్తోంది. జగదీష్ ఇంటి గ్యారేజీ కప్పు మీద నీళ్ల కూలరు గుడగుడమంటోంది. దాని నుంచి కారిన నీటిచార గోడమీద పచ్చగా పాకింది. అంజయ్య ఆ పచ్చచార వైపు ఒక్క క్షణం చూసి, బెల్లు కొట్టకుండా తలుపు మీద అరచేత్తో బాదాడు.

తలుపు తీసిన జగదీష్‌కు ముప్ఫై నాలుగేళ్లుంటాయి. ఉద్యోగం పోయిన ఇంజనీరు. ఇంటికి వచ్చినప్పుడల్లా రజినిని అక్కా అని పిలిచేవాడు.

"అంకుల్! మీరా? అక్కకెట్లుంది?"

అంజయ్య లోపలికి నడిచి సీసా తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది నువ్వు పండించిందేనా?"

జగదీష్ మూతమీది తారీఖు చూశాడు. వాడి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "ఇది... ఇది మీకాడికెట్లొచ్చింది?" అని, వెంటనే నోరు మూసుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, బొటనవేలితో గబగబా ఏదో కొట్టి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఎవరికి కొడుతున్నాడో అంజయ్య అడగలేదు. అడగాల్సిందని తర్వాత అనుకున్నాడు.

"గ్యారేజీ చూపించు."

"అంకుల్, ఇప్పుడొద్దు, ప్లీజ్..."

అంజయ్య వాణ్ణి భుజంతో తోసుకుంటూ వెళ్లి తలుపు తెరిచాడు.

వాసన ముఖం మీద తన్నింది. కోసిన మొక్కలు తాళ్లకు తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటి మీదికి కూలరు గొట్టం తడిగాలి చిమ్ముతోంది. ఆకు ఆరాల్సిన చోట ఆవిరి పడుతోంది. వానలో తడిసిన బేళ్లను గిడ్డంగిలో పదిరోజులు మూసి తెరిచినప్పుడు వచ్చే కంపు అది. అంజయ్య భుజంమీది తువ్వాలు తీసి ముక్కుకు, నోటికి కట్టుకున్నాడు. ఓ మూల బల్లమీద దీపం కింద ఏడు కవర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు.

"ఇవి ఎవరికి?"

"పేషెంట్స్‌కి అంకుల్. ఒకాయన క్యాన్సర్, ఒకామెకు కిడ్నీ మార్చిండ్రు... సాయంత్రం వచ్చి పికప్ చేసుకుంటరు. ఇవి మంచియే. ఒక్కొక్కటి చూసి ప్యాక్ చేసిన."

"చూసి పెట్టావా?" అంజయ్య ఒక కవరు చించి గుప్పెడు మొగ్గలు బల్లమీద పోశాడు. "రా. నేనూ చూస్తా. రారా ఇట్టా!"

జగదీష్ కదల్లేదు. అంజయ్య చెయ్యి వాడి మెడ వెనక పడింది. అరవై మూడేళ్ల చెయ్యే అయినా బేళ్లు దొర్లించిన చెయ్యి. వాడి తలను దీపం కిందికి, ముక్కు బల్లకు తగిలేదాకా వంచింది.

"అంకుల్, నొస్తుంది!"

"నొయ్యనీ. కళ్లు తెరిచి చూడు. ఈ మొగ్గమీద ఇసకరేణువుల్లా మెరుస్తున్నయ్యే, అది మొక్క జిగురు. అది ఉండాల. పక్కనున్నదాన్ని చూడు. మెరుస్తందా?"

జగదీష్ తల పక్కకు తిప్పబోయాడు.

"మెరుస్తందా అంటే!"

"లేదు..."

"మెరవదు. పిండి చల్లినట్టు మొద్దుగా ఉంది. సందుల్లో సాలెపోగులు చూడు. అది జిగురు కాదు, బూజు. ఇప్పుడు కాడ విరువు."

జగదీష్ కాడను వంచాడు. అది విరగలేదు, రబ్బరులా వంగింది.

"టప్పుమని విరగాల. వంగిందంటే లోపల తడుంది. తడున్నదాన్ని కవర్లో కుక్కావంటే నువ్వే బూజుకు ఇల్లు కట్టి ఇచ్చినట్టు." అంజయ్య ఉన్నవాటిలో అందంగా, బిగువుగా ఉన్న మొగ్గను ఏరి, బొటనవేళ్లతో నిలువునా చీల్చాడు. పైన పచ్చగా నిగనిగలాడుతున్నది నడిమధ్యలో బూడిదరంగు మెత్తటి ముద్దయి ఉంది. చీల్చగానే సన్నటి దుమ్ము దీపం వెలుగులో పొగలా లేచింది. "వాసన చూసేపనిలేదు, దూరాన్నుంచే కొడతంది. మగ్గిన గడ్డి. చెమట పట్టిన గోనెసంచి. పైపైన చూసి మంచిదన్నావు. లోపల చూశావా?"

"చెడ్డది గిల్లి తీసేస్తం గదా అంకుల్! అయినా కాలిస్తే చస్తది. నిప్పుకు బూజు బతుకుతదా?"

అంజయ్య పట్టు ఇంకా బిగిసింది. "నిప్పు తగిలేది కొసకి. దమ్ము లాగితే వెనకున్న దుమ్మంతా బతికుండే లోపలికి పోద్ది. నిన్న డాక్టరు నాకు బొమ్మ గీసి చూపించాడు. గిల్లేస్తే పోయేది పైన కనపడేదే, దాని వేళ్లు మొగ్గంతా ఉంటయి. ఒక్కటి చెడితే సంచి మొత్తం పారెయ్యాల. నా కూతురు శ్వాస తీస్తంటే గొట్టంలో నెత్తురు బుడగలొస్తన్నయిరా!"

ఆయన వాణ్ణి వదిలి చుట్టూ చూశాడు. సింకు పక్కన బ్లీచు డబ్బా కనపడింది. ఏడు కవర్లూ చంకలో ఇరికించుకుని అటు నడిచాడు.

అప్పటిదాకా ఏడుపుముఖంతో ఉన్న జగదీష్ అప్పుడు మారిపోయాడు. వెనకనుంచి వచ్చి ఆయన నడుం పట్టి విసిరాడు. అంజయ్య తల ఇనప అరల అంచుకు కొట్టుకుంది. కణత చిట్లి వెచ్చటి నెత్తురు కంట్లోకి కారింది. లేవబోయేంతలో డొక్కలో బూటుకాలు దిగింది. లోపల ఏదో కలుక్కుమంది.

"ఆరు నెలల పని అంకుల్ ఇది!" జగదీష్ అరుస్తున్నాడు. "మీరు పోయి బయట చెప్తే నన్ను జైల్ల వేసి డిపోర్ట్ చేస్తరు! ఎవరికి చెప్తరు? ఎవరికి?" అంటూ మళ్లీ తన్నాడు.

మూడోసారి వచ్చిన కాలును అంజయ్య రెండు చేతులా వాటేసుకుని మెలిపెట్టాడు. జగదీష్ వెల్లకిలా పడ్డాడు. ఆయన చేతికందిన తాడు పట్టి గుంజితే వేలాడుతున్న మొక్కల వరుసంతా, దాన్ని మోస్తున్న ఇనపగొట్టంతో సహా, వాడి మీద కూలింది. బూజుదుమ్ము గ్యారేజీ అంతా కమ్మింది. వాడు దగ్గుతూ మొక్కల కిందనుంచి పాకి బయటికొచ్చాడు. అంజయ్య ఇనపగొట్టం ఎత్తి వాడి మోకాలి మీద ఒక్కటి వేశాడు. జగదీష్ పెట్టిన కేక బయట వీధిలోకి వినపడే ఉంటుంది, వినేవాళ్లుంటే.

వాడు ఒంటికాలిమీద ఈడ్చుకుంటూ పనిముట్ల సొరుగు దగ్గరికి చేరి లోపల చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి వచ్చేటప్పటికి అందులో పిస్టల్ ఉంది.

"ఆగండి అంకుల్! కాలుస్త! నిజంగ కాలుస్త!"

అంజయ్య ఆగలేదు. ఆగాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. తుపాకి పేలింది. గుండు చెవి పక్కనుంచి పోయి కూలరు నీటిగొట్టాన్ని చీల్చింది. నీళ్లు ధారకట్టి ఇద్దరి మీదా కురిశాయి. రెండోసారి పేలేలోగా అంజయ్య తన ఒళ్లంతా వాడి మీద వేసి, వాడి మణికట్టును సొరుగు అంచుకేసి నొక్కేశాడు. ఒకసారి వెనక్కి లాగి, మళ్లీ గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు ఎండుకాడ విరిగినంత స్పష్టంగా వినపడింది. పిస్టల్ జారి, తడినేలమీద కొట్టుకుంటూ పోయి, గ్యారేజీ పెద్దతలుపు పక్కన ఆగింది.

జగదీష్ మణికట్టు పట్టుకుని ముడుచుకుపోయి పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

అంజయ్య ఒక చేత్తో డొక్క పట్టుకుని, రెండో చేత్తో నేలమీద చెదిరిన కవర్లు ఒక్కొక్కటే ఏరాడు. ఏడూ సింకులో కుమ్మరించాడు. వాటి మీద బ్లీచు డబ్బా బోర్లించాడు. పచ్చటి మొగ్గలు తెల్లబడి, కుంగి, గుజ్జయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. కిడ్నీ మార్పించుకున్న ఆమె ఎవరో ఆయనకు తెలియదు, ఆ సాయంత్రం ఆమె చేతికి ఇది అందదు.

మొక్కలు కత్తిరించే కత్తెర నేలమీద దొరికింది. దాన్ని తీసుకుని జగదీష్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మొన వాడి దవడ కింద ఆనించాడు.

"రోగంతో ఉన్న ఆడపిల్లకి, నిన్ను తమ్ముడూ అని పిలిచినదానికి, చేతులెట్టా వచ్చినయిరా ఆ సీసా ఇవ్వటానికి?"

"నేనియ్యలే!"

"అబద్ధం."

"అమ్మతోడు అంకుల్, నేనియ్యలే! ఆ బ్యాచ్ మొత్తం ఖరాబయింది, అది నాకే కనపడ్డది. పారేద్దామని మీద డేట్ రాసి పక్కన పెట్టిన. అక్కకు ఇచ్చింది వేరేది, మంచిది. ఇది... ఇది అన్న తీస్కపోయిండు."

"ఏ అన్న?"

జగదీష్ కళ్లు మూసుకున్నాడు. "కిరణ్ అన్న."

కత్తెర మొన దగ్గర చిన్న ఎర్రటి చుక్క పుట్టింది. "నా అల్లుడిమీద పెడతావా, చేతగాని..."

"ఫోన్ చూడండి! నా జేబుల ఉంది. చూసినంక చంపండి!"

ఫోన్ అద్దం పగిలి ఉంది. జగదీష్ చెప్పిన అంకెలు నొక్కితే తెరుచుకుంది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న మెసేజీలు. గ్రేడు చీటీల మీద ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు అక్షరాలు రాసిన అంజయ్య, కంట్లో నెత్తురు తుడుచుకుంటూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. పదకొండు రోజుల కిందటి తారీఖు.

అన్నా, ఆ బ్యాచ్ ఫుల్ మోల్డ్, అంతా బూజే. అక్కకి అస్సలు ఇవ్వొద్దు. కీమోలో ఉన్నవాళ్లకి అది పాయిజన్. చెత్తబండి వచ్చే ట్రాష్ డే దాకా నా దగ్గరే ఉంచుతా.

దాని కింద కిరణ్‌కుమార్ జవాబు.

నువ్వు ఉంచకు, రిస్క్. ఈవెనింగ్ వచ్చి నేనే తీసుకెళ్లి డంప్ చేస్తా. రజినికి చెప్పకు, భయపడుతుంది.

అంజయ్య మళ్లీ చదివాడు. మూడోసారి చదివాడు. అక్షరాలు మారలేదు. ఆ రోజు నుంచీ, రజిని ఆస్పత్రిలో చేరేదాకా, ప్రతి సాయంత్రం కిరణ్‌కుమార్ తానే దమ్ము పీల్చే గొట్టంలో మందు నింపి భార్య చేతికి ఇచ్చేవాడు. అది చూసి, ఇంత ప్రేమగా చూసుకునే అల్లుడు దొరికాడని అంజయ్య ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్‌లో చెప్పుకున్నాడు కూడా.

కత్తెర ఆయన చేతిలోంచి జారింది. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని తడిలో కూర్చున్న జగదీష్‌ను చూశాడు. "చెప్పొచ్చు గదరా," అన్నాడు. "తలుపు తియ్యగానే చెప్పొచ్చు గదా, నాయనా."

"భయమైంది. అన్నకు నా సంగతంత తెలుసు. మీరు రాంగనే ఆయనకే టెక్స్ట్ చేసిన... మీ మామ సీసా పట్టుకొచ్చిండని."

ఆ మాట పూర్తికాకముందే గ్యారేజీ పెద్దతలుపు పైకి లేవసాగింది. కిందనుంచి ఒక గీత వెలుగు, ఆ వెలుగులో బూట్లు, మోకాళ్లు, చొక్కా. కిరణ్‌కుమార్ ఐసీయూ సందర్శకుల చీటీ ఛాతీ మీద అంటించుకునే వచ్చాడు.

"అల్లుడుగారూ," అన్నాడు అంజయ్య. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఈ మనిషి నోరు విప్పి ఇదంతా పొరపాటని చెబుతాడని, ఫోన్‌లో ఉన్నదానికి ఇంకేదో అర్థం ఉంటుందని ఆయన ఆశపడ్డాడు.

కిరణ్‌కుమార్ మామగారి కణతమీది నెత్తురు చూశాడు. అయ్యో అనలేదు. జగదీష్ చెయ్యి వంక చూశాడు. ఏమైందని అడగలేదు. అతని చూపు మామగారి చేతిలో వెలుగుతున్న ఫోన్ మీద ఆగింది. తర్వాత నెమ్మదిగా వంగి, తన కాలి దగ్గరున్న పిస్టల్ తీసుకుని, చొక్కా అంచుతో తడి తుడిచాడు. గోడమీది మీట నొక్కాడు. గ్యారేజీ తలుపు వెనక కిందికి దిగింది. వెలుగు గీతై, గీత కూడా పోయింది.

"అన్నా, నేనేం చెప్పలే..." అన్నాడు జగదీష్.

"నువ్వుండు." గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "మావయ్యగారూ, తన చిన్నప్పటి నుంచీ మీకు కోపం ఎక్కువని రజిని చెబుతూనే ఉండేది. నేను నమ్మలేదు. ఒక్కటి చెప్పండి. ఆ సీసా ఇంకెవరికైనా చూపించారా?"

గ్రేడు మార్చమన్నప్పుడు వేలు విరిచినా అబద్ధం రాయని మనిషి అంజయ్య. ఆయన లేచి నిలబడ్డాడు. డొక్కలో నొప్పి గొంతుదాకా వచ్చింది.

"చూపించాను," అని అబద్ధమాడాడు.

కిరణ్‌కుమార్ ఓ అడుగు ముందుకు వేశాడు. పిస్టల్ గొట్టం అంజయ్య ఛాతీ ఎత్తుకు లేచింది.

"ఎవరికి?"

ఒక పేరు కావాలి. వెంటనే కావాలి. ఈ దేశంలో అంజయ్యకు పేరుపెట్టి పిలవగల మనుషులు ముగ్గురే ముగ్గురు. ఒకతె ఐసీయూలో ఉంది. ఒకడు ఆయన కాళ్ల దగ్గర పడి ఉన్నాడు. మూడోవాడు ఎదురుగా నిలబడి, జవాబు కోసం చూస్తున్నాడు.